మిలట్రీ ముచ్చట్లు అచ్చుకు ఇచ్చే ముందు: ఏది ఉంచాలి, ఏది తీయాలి, ఎవరిని అడగాలి

నేను పట్టాలంలో ఉన్నన్నాళ్లు మా నాయిన పంపిన ఏ ఉత్తరం మీదా నేనున్న ఊరి పేరు లేదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు. అంతే. తూర్పు వైపు పోస్టింగ్ పడితే 56 పోయి 99 వచ్చేది. బడి సారుతో రాయించిన ఆ ఉత్తరాల్లో ప్రతిసారీ ఒక మాట తప్పకుండా ఉండేది: "బిడ్డా, ఇప్పుడు యాడున్నవ్?" నా జవాబూ ప్రతిసారీ ఒకటే: "మంచిగున్న నాయినా. చలి ఎక్కువుంది. నువ్వు పంపిన రుమాలు చెవులకు కట్టుకుంటున్న." చోటు చెప్పకుండానే క్షేమం చేరేది.

ఇప్పుడు మా నల్లగొండలో జవాను పింఛన్ మీద ఇంటికొస్తే ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కడుతున్నారు. డీజే, పూలదండలు, జీపు మీద ఊరేగింపు. చూస్తే కడుపు నిండుతుంది. ముప్పై ఏళ్ల కిందట మేమొచ్చినప్పుడు బస్సు దిగి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచిపోయినవాళ్లం. ఇప్పటి పిల్లలకు ఆ గౌరవం దక్కాల్సిందే. కానీ ఆ ఫ్లెక్సీల మీద యూనిట్ పేరు, చివరి పోస్టింగ్ చోటు, బంకర్ ముందు తోటివాళ్లతో దిగిన ఫొటో, ఒక్కోసారి గుర్తింపు కార్డు కూడా అచ్చవుతున్నాయి. పొద్దుగూకేలోపు అది వందల ఫోన్లలోకి పోతుంది.

మా మాజీ సైనికుల సంఘం తెచ్చే సంచికకు వచ్చే రాతలను అచ్చుకు ముందు చదివే పని కొన్నేళ్లుగా నాది. ఆఫీసు క్లర్కుగా సర్వీసంతా కాగితాల మధ్యే గడిపినవాణ్ని కనుక నా మీద పెట్టారు. జ్ఞాపకాలు రాసుకుంటున్న మాజీ సైనికులకు, తండ్రి డైరీని పుస్తకంగా తేవాలనుకునే కొడుకులకు, బిడ్డలకు, మన పాలమూరు, నల్లగొండ జిల్లాల విలేఖరులకు, యూట్యూబ్‌లో ఇంటర్వ్యూలు చేసే పిల్లలకు పనికొస్తుందని నేను చేసే పద్ధతి రాస్తున్నా.

మొదలు, మీకు ఏ నిబంధన వర్తిస్తుందో తెలుసుకోండి

మీరు ఇంకా సర్వీసులో ఉంటే దారి ఒకటే. 1954 నాటి ఆర్మీ రూల్స్‌లో 21వ రూలు ఉంది. సర్వీసు విషయం గురించి గానీ, రాజకీయ ప్రశ్న గురించి గానీ పత్రికకు చెప్పాలన్నా, వ్యాసం, పుస్తకం, ఉత్తరం ఏది అచ్చు వేయించాలన్నా ముందుగా కేంద్ర ప్రభుత్వం గానీ, అది నియమించిన అధికారి గానీ అనుమతి ఇవ్వాలి. "నేను కవిత్వం రాసిన సార్, అందులో యుద్ధం ఊసే లేదు" అనే తమ్ముళ్లున్నారు. కవితలో మీ యూనిట్, మీ పోస్టు, మీ డ్యూటీ ఉంటే అది సర్వీసు విషయమే. కమాండింగ్ ఆఫీసర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో "కానీయ్" అన్నారని అచ్చు వేస్తే రేపు ఆ మాటకు సాక్ష్యం ఉండదు. ఫోన్ యాప్‌ల మీద కూడా వేరే ఆదేశాలుంటాయి. 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ తన సిబ్బందికి చెప్పింది. మీ యూనిట్‌లో ఈ రోజు ఏ ఆదేశం నడుస్తుందో కనుక్కున్నాకే ఫోన్ తీయండి.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్‌లో చేసి దిగినవాళ్లు ఈ మాట జాగ్రత్తగా చదవండి. ఈ బలగాల పేర్లు సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. ఆ షెడ్యూల్‌లో ఉన్న సంస్థల నుంచి రిటైరైనవాళ్లు తమ సంస్థ పనికి సంబంధించింది ఏదైనా ప్రచురించాలంటే సంస్థ అధిపతి ముందస్తు అనుమతి కావాలని 2021 మే 31న పింఛన్ నిబంధనల్లో మార్పు తెచ్చారు. రాసినందుకు పింఛన్‌కే ముప్పు రావచ్చు. మన దగ్గర ఇంటికొకరు చొప్పున సీఆర్‌పీఎఫ్‌లో చేసిన ఊళ్లున్నాయి. అక్కడ ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువ మంది కనిపించారు.

ఆర్మీ నుంచి రిటైరైన జవాన్లకు ఆ పింఛన్ నిబంధన వర్తించదు. ఆర్మీ క్రమశిక్షణ కూడా రోజువారీగా మీ మీద ఉండదు. అయినా 1923 నాటి అధికార రహస్యాల చట్టం మిమ్మల్ని వదలదు. దాని 5వ సెక్షన్ ఉద్యోగంలో ఉన్నవాళ్లతో పాటు ఒకప్పుడు ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. శత్రువుకు ఉపయోగపడేలా గూఢచర్యం చేసి, అది రక్షణ స్థావరాలకు సంబంధించినదైతే 3వ సెక్షన్ కింద పద్నాలుగేళ్ల దాకా పోతుంది. విలేఖరులకు ఒక మాట: చట్టాన్ని మీరి ఇస్తున్నారని తెలిసి కూడా రహస్య కాగితాన్ని తీసుకున్నవాడిదీ తప్పేనని అదే 5వ సెక్షన్ చెబుతుంది. "నేను రాయలేదు, ఆయన ఇస్తే అచ్చు వేసిన" అనడం కుదరదు.

చదివేటప్పుడు ఎవరిని తలుచుకోవాలి

చట్టం కన్నా ముందు నాకు గుర్తొచ్చేది ఒక మనిషి. నేను దిగి వచ్చిన పోస్టులో ఈ రాత్రి నిలబడ్డ పిల్లగాడు. నా ముచ్చట పాతదే కావచ్చు, కానీ ఆ కొండ అక్కడే ఉంది, ఆ దారి అక్కడే ఉంది, నీళ్లు తెచ్చే నాలా అక్కడే ఉంది. ప్రతి వాక్యం దగ్గర ఆగి, ఇది చదివి ఎదుటివాడు ఆ పిల్లగాడికి చెడు చేయగలడా అని అడుక్కుంటాను. చేయగలడంటే తీసేస్తాను. చేయలేడంటే, ఆ మాట వల్ల ఏ పెద్దమనిషికి కోపం వచ్చినా సరే, ఉంచుతాను. నా పద్ధతికి పునాది ఇదే.

"ఒక్క చిన్న విషయం చెబితే ఏమైతది?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లకు ముగ్గు చూపిస్తాను. సంక్రాంతికి వాకిట్లో పెట్టిన చుక్కల్లో ఏ ఒక్క చుక్కా ఏమీ చెప్పదు. చెయ్యి తిరిగిన ఆడబిడ్డ వచ్చి గీత కలిపిందా, చూస్తుండగానే తామరపువ్వు వస్తుంది. మీ రాతలో ఒక చుక్క, మీ దోస్తు ఫేస్‌బుక్ ఫొటోలో ఒక చుక్క, ఫ్లెక్సీ మీద ఇంకో చుక్క. వాటిని కలపడమే కొలువుగా కూర్చున్నవాళ్లు సరిహద్దు అవతల ఉన్నారు. 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామం యాప్ ప్రపంచంలో జనం ఎక్కడెక్కడ పరుగెత్తుతున్నారో చూపే పటం పెట్టింది. ఎవరి పేరూ అందులో లేదు. రెండు నెలలు తిరిగేసరికి ఎడారుల మధ్య వెలుగుతున్న గీతలను బట్టి సైనిక స్థావరాలను గుర్తుపట్టారు. జవాన్లు పొద్దున పరుగు తీసిన దారులే అవి.

మూడు పెన్సిళ్లు

రాత కాగితం మీద పెట్టుకోండి. ఫోన్‌లో చదివితే కళ్లు జారిపోతాయి. ఎరుపు, నీలం, మామూలు పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. తీసేయాల్సిన దానికి ఎరుపు. అడగాల్సిన దానికి నీలం. భాష, తేదీల తప్పులకు మామూలుది. మొదటి చదువులో మామూలు పెన్సిల్ ముట్టుకోకండి. అక్షర దోషాలు దిద్దే ధ్యాసలో పడితే అసలు విషయం కన్ను దాటిపోతుంది.

ఎరుపు గీత దేనికి పడాలి? యూనిట్, చోటు, కాలం ఈ మూడూ ఒక్క దగ్గర కలిస్తే. విడిగా యూనిట్ పేరు చెప్పుకోవచ్చు, గర్వంగా చెప్పుకోవచ్చు. మూడూ కలిసి, అదీ ఇటీవలి కాలానికి సంబంధించినదైతే, ఏ పటాలం ఎక్కడుందో చెప్పినట్టే. ఇక పోస్టులో ఎంతమంది, గస్తీ ఎన్నింటికి, ఏ దారిన, కాపలా మారే వేళ, తిండి నీళ్లు, మందుగుండు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ వైర్‌లెస్ సెట్టు ఎంత దూరం పలుకుతుంది, ఎప్పుడు మొరాయిస్తుంది, ఏ ఆయుధం చలికి మొండికేస్తుంది. ఇవన్నీ ఎరుపు కిందికే. మన లోపాల గురించి రాసిన మాటలు గట్టిగా ఆలోచించి చూడాలి. లోపం సరిదిద్దిందైతే చరిత్ర, ఇంకా ఉన్నదైతే శత్రువుకు దారి. మనకు సమాచారం ఇచ్చిన గ్రామస్థుల పేర్లు, వాళ్ల ఊళ్లు, వాళ్ల పోలికలు ఎన్నేళ్లయినా రాయకండి. ఆయన పోయినా ఆయన పిల్లలు అక్కడే బతుకుతున్నారు.

టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్ అని ముద్ర ఉన్న కాగితం పాత ట్రంకులో కనిపిస్తే దాన్ని ఎరుపు గీతతో సరిపెట్టకండి. రిస్ట్రిక్టెడ్ అన్నిటికన్నా చిన్న ముద్ర అని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. అదీ ముద్రే. ఫొటో తీయకుండా, ఎవరికీ పంపకుండా, కవర్లో పెట్టి జిల్లా సైనిక సంక్షేమ అధికారి దగ్గరికి వెళ్లి ఎలా అప్పగించాలో అడగండి. తండ్రి చనిపోయాక ఇల్లు సర్దేటప్పుడు ఇలాంటివి బయటపడుతుంటాయి. ఆ ఇంటివాళ్లు భయపడాల్సిన పని లేదు, దాచుకోకుండా అప్పజెబితే చాలు.

నీలం గీత అనుమానం ఉన్నవాటికి. తోటివాడి పేరు, అతని గాయం, అతని శిక్ష, అతని ఇంటి గొడవ. ఇవి దేశ రహస్యాలు కావు, అతని సొంత బతుకు. అతన్ని అడగండి. అతను లేకపోతే భార్యను అడగండి. మా సంచికకు వచ్చిన ఒక రాతలో కాలు పోగొట్టుకున్న దోస్తు గురించి ఎంతో ప్రేమగా రాశారు. ఆ దోస్తుకు ఫోన్ చేస్తే, "అన్నా, అట్ల ఏడ్చిన సంగతి నా బిడ్డకు తెల్వదు, తీసెయ్" అన్నాడు. తీసేశాం.

తీసేస్తే రుచి పోతుందా

ఇదే అందరి బెంగ. నేను సొంతంగా అల్లిన ఒక నమూనా చూడండి. ముందు ఇలా ఉందనుకోండి:

"ఆ ఏడు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా కంపెనీ ఫలానా కొండ మీది పోస్టులో ఉంది. మొత్తం ముప్పై ఎనిమిది మందిమి. రాత్రి రెండింటికి, మళ్లీ నాలుగింటికి ఎడమ వైపు లోయ వెంట గస్తీకి పోయేవాళ్లం. చలికి సెట్టు బ్యాటరీ గంటన్నర కన్నా ఆగేది కాదు. సంక్రాంతికి ఇంటి నుంచి అమ్మ పంపిన సకినాలు పదిహేను రోజులకు చేరాయి. గడ్డకట్టి రాయిలా ఉన్నాయి. పంజాబీ దోస్తు ఒకడు పొయ్యి దగ్గర పెట్టి కరకరలాడించి, ఇది ఏ పిండి అని అడిగాడు."

ఎరుపు పెన్సిల్ పడ్డాక:

"ఒక చలికాలం ఉత్తరాన, చెట్టు మొలవని ఎత్తులో గడిపాం. రాత్రి గస్తీ నుంచి వచ్చేసరికి కనురెప్పల మీద మంచు పేరుకునేది. సంక్రాంతికి ఇంటి నుంచి అమ్మ పంపిన సకినాలు చాలా ఆలస్యంగా చేరాయి. గడ్డకట్టి రాయిలా ఉన్నాయి. పంజాబీ దోస్తు ఒకడు పొయ్యి దగ్గర పెట్టి కరకరలాడించి, ఇది ఏ పిండి అని అడిగాడు."

పోయినవి అంకెలు. చలి ఉంది, అమ్మ ఉంది, దోస్తు ఉన్నాడు. పార్శిల్ ఎన్ని రోజులకు చేరిందో కూడా ఎందుకు తీశానంటే, ఆ లెక్క పోస్టు ఎంత లోపల ఉందో, సరఫరా ఎంత మెల్లగా నడుస్తుందో చెబుతుంది. రాసినాయన మొదట నొచ్చుకుంటాడు. అందుకే తీసేసిన చోట ఏం పెట్టాలో పక్కన కూర్చుని అడగండి. గంటలు, లెక్కలు తీసేస్తే మీ కళ్ల ముందు ఏం మిగిలిందని అడిగితే, చాలాసార్లు మొదటి దానికన్నా మంచి వాక్యం వస్తుంది.

ఫొటోలు

రాతలో జాగ్రత్తపడ్డవాళ్లు కూడా ఫొటో దగ్గర జారుతారు. ఫొటోలో మనిషి మొహాన్ని చివరికి చూడండి. ముందు మూలలు చూడండి. వెనక కొండల వరస, రోడ్డు పక్క కిలోమీటరు రాయి, గేటు మీది రాత, ఏ దళమో చెప్పే భుజం మీది ఫార్మేషన్ గుర్తు, ఛాతీ మీది పేరు, బాణం గుర్తుతో మొదలయ్యే బండి నంబరు, యాంటెన్నా, గోడకు వేలాడే పటం, బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరు. కొండల వరస ఒక్కటి చాలు, ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చోటు పట్టేస్తారు. ఆకాశం, మనిషి మాత్రమే మిగిలేలా కత్తిరించండి, లేదా ఆ ఫొటో వదిలేసి ఊళ్లో సెలవు మీద దిగింది వేసుకోండి.

ఫోన్ తీసిన ఫొటో లోపల తేదీ, సమయం, జీపీఎస్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా రాసి ఉంటాయి. కంటికి కనిపించవు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉన్నవి ఉన్నట్టే పోతాయి. అచ్చుకు క్వాలిటీ తగ్గొద్దని మన డీటీపీ వాళ్లు డాక్యుమెంటుగానే అడుగుతారు. కాబట్టి పంపే ముందే ఫోన్ గ్యాలరీలో ఆ ఫొటో వివరాలు తెరిచి లొకేషన్ తీసేయండి. అది రాకపోతే ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాట్ పంపండి.

డిశ్చార్జి పుస్తకం, పీపీఓ (పింఛన్ ఉత్తర్వు), క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్యం) కార్డు, గుర్తింపు కార్డు. వీటి ఫొటోలు సంచికలో, ఫ్లెక్సీలో, ఎక్కడా వేయకండి. పాత బండ్లు, ఫర్నిచరు అమ్మే యాప్‌లలో "నేను ఆర్మీలో ఉన్నా, బదిలీ అయింది, చౌకగా ఇస్తా" అని జనం డబ్బు కాజేసే ముఠాలు చూపించేది ఇలా దొరికిన సైనికుల కార్డులనే. మీ మొహం చూసి ఇంకొకడు మోసపోతాడు.

కాగితం మీద ఒక పేరో అంకెనో కప్పేయాలంటే ఫోన్‌లో నల్ల బ్రష్‌తో గీయడం చాలదు. వెలుతురు పెంచితే కింది అక్షరం కనిపించే బ్రష్‌లున్నాయి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెడితే కింది అక్షరాలను కాపీ చేసుకోవచ్చు. వర్డ్ ఫైల్‌లో కత్తిరించిన ఫొటో మొత్తం లోపలే దాగి ఉంటుంది. నేను చేసేది పాత పద్ధతి: జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌లో కప్పాల్సిన ముక్కను కత్తెరతో కోసేసి, వెనక తెల్లకాగితం పెట్టి, మళ్లీ జిరాక్స్ తీస్తాను. ఆ రెండో జిరాక్స్‌నే స్కాన్ చేస్తాను. లేని అక్షరాన్ని ఎవరూ బయటికి తీయలేరు.

ఇప్పటికే బయట ఉన్నదేదో వెతకండి

నీలం గీత పడ్డవాటిలో సగం ఇక్కడే తేలిపోతాయి. ప్రభుత్వమే చెప్పిన విషయాన్ని మీరు నిస్సంకోచంగా రాయొచ్చు. గెజిట్, పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం) ప్రకటనలు, పార్లమెంటులో ఇచ్చిన జవాబులు, గ్యాలంట్రీ అవార్డుల వెబ్‌సైట్, ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం మీది పేర్లు. సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు గురించి రాయాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో వీరమరణం, ఆ తర్వాత మహావీర్ చక్ర. ఇవన్నీ ప్రభుత్వం ప్రకటించినవే. ఆయన పరాక్రమాన్ని చెప్పడానికి ఆ ప్రకటన పాఠం చాలు. ఎవరో యూట్యూబ్‌లో గీసిన బాణాల పటం అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. "ఇంటర్నెట్‌లో ఉంది కదా" అనేది అనుమతి కాదు. ఊహగా తిరుగుతున్న మాటను అక్కడ పనిచేసిన మీరు "అవును, అట్లనే ఉండె" అంటే, ఊహ కాస్తా రూఢి అవుతుంది. ఎవరు విడుదల చేశారో చూడండి. ప్రభుత్వం కాకపోతే నీలం గీత అలాగే ఉంచండి.

పాత చరిత్ర విషయంలో మరీ బిగుసుకోనక్కర్లేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్యలో భారత సేన విజయవాడ రోడ్డు మీదుగా మన సూర్యాపేట వైపు ఎలా వచ్చిందో రక్షణ శాఖ చరిత్ర విభాగమే 1972లో పుస్తకంగా అచ్చు వేసింది. మీ తాత చూసిన ట్యాంకుల ముచ్చట రాయడానికి ఎవరి అనుమతీ వద్దు. యుద్ధాల రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు రహస్య ముద్ర తీసి బయటపెట్టాలని 2021 జూన్‌లో రక్షణ శాఖ విధానం ప్రకటించింది. అయితే ఇరవై అయిదేళ్లు నిండగానే అన్నీ వాటంతటవే బయటికి వచ్చినట్టు కాదు, సున్నితమైనవి ఆపుతారు. మీ దగ్గరున్న కాగితం మీద ముద్ర ఉంటే ఏళ్లు లెక్కపెట్టి మీరే తీసేయకండి.

తండ్రి సర్వీసు వివరాలు కావాలంటే ఆయన రికార్డ్ ఆఫీసుకు రాయండి. ఈఎంఈ (బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సామాన్లు సరఫరా చేసే విభాగం) అయితే సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ నాసిక్ రోడ్, సిగ్నల్స్ జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ వెల్లింగ్టన్. సమాచార హక్కు కింద అయితే పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. భద్రతకు సంబంధించినది 8(1)(ఎ) కింద ఆపొచ్చు, కానీ 10వ సెక్షన్ ప్రకారం ఆపాల్సింది కప్పి మిగిలింది ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. దరఖాస్తులోనే ఆ మాట రాయండి.

ఏది తీయకూడదు

చదివే పెత్తనం చేతికొస్తే ఒక చెడ్డ అలవాటు కూడా వెంట వస్తుంది. ఇబ్బందిగా ఉన్నదంతా "భద్రత" అని కొట్టేయడం. ఎప్పుడో ఒక మాజీ నాయక్ తనకు బూట్లు సమయానికి అందలేదని, పాదాలు చెడిపోయాయని రాశాడు. మా సంఘంలోనే కొందరు "సైన్యం పరువు పోతది, తీసెయ్" అన్నారు. నేను ఏ పోస్టు, ఏ ఏడు అనేవి తీశాను, బూట్ల సంగతి ఉంచాను. ఆ కొరత తీరి చాలా కాలమైంది. ఆ పాదాలు మాత్రం ఆయనవి, ఆ బాధ చెప్పుకునే హక్కు ఆయనది.

దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. కార్గిల్ యుద్ధం అయిన మూడు రోజులకే, 1999 జులై 29న కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్ష కమిటీ వేశారు. మన వాళ్లు ఎక్కడ ఏమరుపాటుగా ఉన్నారో ఆ నివేదిక చెప్పింది. దాన్ని 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. భద్రత కోసం కొన్ని భాగాలు ఆపారు, లోపాల గురించి చెప్పిన మాటను ఆపలేదు. అమెరికాలో 2009 నాటి అధ్యక్షుడి ఉత్తర్వు 13526 అయితే తప్పులు కప్పిపుచ్చడానికో, సిగ్గుపడాల్సిన సంగతి దాచడానికో రహస్య ముద్ర వేయకూడదని రాతలోనే పెట్టింది. మన ఊరి సంచికకైనా ఈ కొలత పెట్టుకోవచ్చు. ఏదైనా ఎరుపు గీత గీస్తే పక్కన ఒక్క మాట కారణం రాయండి: "దారి", "సంఖ్య", "సెట్టు". కారణం రాయడానికి మాట దొరకకపోతే గీత చెరిపేయండి.

అనుమతి అడిగే ఉత్తరం

ఉత్తరం చిన్నగా ఉండాలి. మీ నంబరు, ర్యాంకు, పేరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారు, రాత ఏ కాలం గురించి, ఎక్కడ అచ్చవుతుంది, ఎన్ని పేజీలు. నీలం గీత పడ్డ భాగాలను విడిగా పేజీ నంబరుతో చూపండి. మొత్తం కట్ట పంపి "చూడండి సార్" అంటే అది ఎవరి బల్ల మీదో పడి ఉంటుంది. ఏ నాలుగు చోట్ల మీకు అనుమానమో చూపిస్తే జవాబు త్వరగా వస్తుంది. సర్వీసులో ఉన్నవాళ్లు సీఓ (కమాండింగ్ ఆఫీసర్) ద్వారా, కేంద్ర బలగాల నుంచి దిగినవాళ్లు తమ సంస్థ అధిపతికి, ఆర్మీ రిటైరైనవాళ్లు తమ రికార్డ్ ఆఫీసుకు. ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రశీదు ఉంచుకోండి. జవాబు రాకపోవడం అనుమతి అయినట్టు కాదు. అనుమతి తప్పనిసరి అయినవాళ్లు ఆగాల్సిందే. మిగతావాళ్లు ఆ నీలం భాగాలను పక్కన పెట్టి తక్కినది అచ్చు వేసుకోండి.

జెండా కప్పిన పెట్టె ఊరికొచ్చినప్పుడు

విలేఖరులూ, యూట్యూబ్ పిల్లలూ, ఈ భాగం మీ కోసమే. కబురు ముందు ఇంటికి చేరాలి, తర్వాతే ఊరికి. జిల్లా అధికారులో, సైన్యమో కుటుంబానికి చెప్పారని రూఢి చేసుకునే దాకా పేరు పెట్టకండి. తల్లి పొలంలో కలుపు తీస్తుంటే పక్కింటి పిల్లగాడి ఫోన్‌లో కొడుకు ఫొటో, కింద "జోహార్" అని. ఇలా జరిగిన ఇల్లు నాకు తెలుసు. ఆ తల్లి ఇప్పటికీ ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది.

సంఖ్యల విషయంలో తొందర వద్దు. గల్వాన్ ఘటనలో 2020 జూన్ 16న ఆర్మీ మొదటి ప్రకటనలో ఒక అధికారి, ఇద్దరు జవాన్లు అని ఉంది. తీవ్రంగా గాయపడ్డ మరో 17 మంది కూడా ప్రాణాలు వదలడంతో ఆ రాత్రికి అది 20 అయింది. "ఆర్మీ ఫలానా వేళ చెప్పిన ప్రకారం" అని రాస్తే మీ మాట నిలబడుతుంది. ఆపరేషన్ నడుస్తుంటే ప్రత్యక్ష ప్రసారం వద్దని కేబుల్ టీవీ నిబంధనల్లో 6(1)(పి) చెబుతుంది. ఉగ్రవాద వ్యతిరేక చర్య సాగుతున్నంత సేపూ నియమిత అధికారి చెప్పింది మాత్రమే ప్రసారం చేయాలి. పహల్‌గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ ఇదే మాటను మీడియా అంతటికీ, సోషల్ మీడియా వాడేవాళ్లకూ గుర్తు చేసింది.

ఇంట్లోకి వెళ్లాక, అతని డైరీ, ఫోన్, పెట్టెలోని కాగితాలు కెమెరా ముందు తెరిపించకండి. దుఃఖంలో ఉన్న తండ్రి ఏది అడిగినా చూపిస్తాడు. చివరి ఫోన్‌లో ఏం చెప్పాడని అడిగితే, "ఫలానా చోటుకు పోతున్నం అన్నడు సార్" అని యథాలాపంగా అంటాడు. అది ఎడిటింగ్‌లో తీసేయాల్సిన బాధ్యత మీది. అతని తోటి జవాన్లంతా ఇంకా అటువైపే ఉన్నారు. అతను చిన్నప్పుడు ఏ బావిలో ఈత కొట్టేవాడో, దసరాకు జమ్మి ఎవరి చేతిలో పెట్టేవాడో అడగండి.

అచ్చుకు ఇచ్చే రోజు

అంతా అయ్యాక ఇద్దరితో చదివించండి. ఒకరు సర్వీసు చేసినవాళ్లు, ఒకరు మిలట్రీ గురించి ఏమీ తెలియనివాళ్లు. మా ఇంట్లో ఆ రెండో పని నా కోడలు చేస్తుంది. "మామయ్యా, ఇది చదివితే ఆ ఊరు ఫోన్ మ్యాప్‌లో దొరుకుతుంది" అని రెండుసార్లు పట్టుకుంది, నా కన్ను దాటిపోయినవి. ప్రెస్సులో ప్రూఫు కాగితాలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. డీటీపీ కంప్యూటర్‌లో మొదటి ఫైలు, అంటే ఎరుపు గీత పడ్డవి ఇంకా తీయని ఫైలు, ఉంచొద్దని చెప్పి మీ ముందే తీయించండి. చివరి ఫైలు పేరులో తేదీ పెట్టండి. పాత ఫైలు అచ్చయిపోవడమే మా సంచికలో జరిగిన ఒకే ఒక్క పెద్ద పొరపాటు.

ఆ రోజు ఏం చేశామో చెబుతాను, మీకూ అవసరం పడొచ్చు. పంచక ముందే గమనించాం కనుక ఆ ఫారం (ఒకేసారి అచ్చయిన పేజీల కట్ట) విప్పించి మళ్లీ కుట్టించాం. పంచిన తర్వాత గమనిస్తే ప్రతులు వెనక్కి తెప్పించండి. ఆన్‌లైన్‌లో అయితే పోస్టు నిశ్శబ్దంగా తీసేయండి. "ఫలానా చోటి పేరు పొరపాటున వచ్చింది, షేర్ చేయకండి" అని గ్రూపులో పెడితే అందరూ దాన్నే వెతుకుతారు. షేర్ చేసినవాళ్లకు విడివిడిగా ఫోన్ చేయండి. తర్వాత ఏం బయటపడింది, ఎంతసేపు ఉంది, ఎంతమందికి పోయింది అనేది ఒక కాగితం మీద రాసి, సర్వీసులో ఉంటే సీఓకు, లేకపోతే రికార్డ్ ఆఫీసుకు అదే రోజు పంపండి. వాళ్లకు ముందే తెలిస్తే గస్తీ వేళ మార్చుకుంటారు.